సారంగుకి ఇచ్చిన రెండు కోర్ల ప్రాసెసర్

పోర్ట్‌బ్లెయిర్‌లో ఇరవై ఆరేళ్ళు కంప్యూటర్లు బిగించాను. ప్రాసెసర్ మూల మీద ఒక చిన్న బంగారు రంగు త్రికోణం ఉంటుంది. దాన్ని బోర్డు మీది గుర్తుతో కలిపి కూర్చోబెట్టాలి. కళ్ళజోడు పెట్టుకున్నా ఆ త్రికోణం కనబడని రోజు వచ్చింది. మర్నాడు స్క్రూడ్రైవర్లన్నీ ఒక డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి దిగుతున్నవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "అంకుల్, గేమింగ్‌కి తక్కువలో మంచి ప్రాసెసర్ ఏది?" వాళ్ళకి కావలసింది ఒక మోడల్ నంబరు. నేను చెప్పే నంబరు ఏడాది తిరక్కుండానే పాతబడుతుంది. పాతబడని సంగతి నా దగ్గర ఒకటే ఉంది. అది నేను చేసిన తప్పు. నోటితో చెప్పబోతే సగంలో మాట మార్చేస్తాను కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

ఈ దీవుల్లో ఈ పని

మా నాన్న సిక్కోలు తీరం నుంచి, ఇక్కడికి కుటుంబాలు వచ్చి స్థిరపడుతున్న రోజుల్లో ఓడెక్కి వచ్చాడు. జంగ్లీఘాట్‌లో వల వేసుకుని బతికాడు. నేను ఇక్కడే పుట్టాను. వలకి మాత్రం పనికిరాలేదు. తెలుగు మీడియం బళ్ళో పదో తరగతి, ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ అయ్యాక ఒక కంప్యూటర్ల షాపులో చేరాను. చివరిదాకా అక్కడే ఉన్నాను.

ప్రాసెసర్ అంటే కంప్యూటర్లో లెక్కలు వేసే చిప్పు. అందులో లెక్క వేసే ఒక్కో భాగాన్ని కోర్ అంటాం. గ్రాఫిక్స్ కార్డు తెర మీద బొమ్మ గీస్తుంది. ఆటలాడే కంప్యూటర్‌కి ఈ రెండూ జోడెద్దుల్లా ఉండాలి. ఒకటి పరిగెత్తి ఇంకోటి కుంటితే బండి కుంటిదాని వేగంతోనే పోతుంది. ఇది పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది ఇక్కడి సంగతి. మనకి సామాను చెన్నై నుంచి వస్తుంది. అమర్చాక సరిపోలేదంటే వెనక్కి పంపి తెప్పించడానికి నెల పడుతుంది, వాన రోజులైతే ఇంకా ఎక్కువ. ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. ఎక్కువ వేడెక్కే ప్రాసెసర్ చెన్నైలో ఏసీ గదిలో బాగానే ఉంటుంది, ఇక్కడ రేకుల ఇంట్లో మధ్యాహ్నానికి దానంతటదే ఆగిపోతుంది. అందుకని అక్కడ మంచి బేరం అనిపించినదల్లా ఇక్కడ మంచి బేరం కాదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. అన్నిటికన్నా పైనున్న ప్రాసెసర్ జోలికి పోవద్దు. ఆ చివరి కాస్త వేగానికి పెట్టే డబ్బు కంపెనీవాడికి లాభం, ఆడేవాడికి కాదు. ఇంకొకటి, బోర్డు దగ్గర పిసినారితనం వద్దు. ఇప్పుడు చిన్న ప్రాసెసర్ పెట్టినా రేపు పెద్దది పెట్టుకునే చోటుండాలి. ఈ రెండూ నేను తప్పులు చేయకముందే నేర్చుకున్నాను. అందుకే ఇవి చెప్పడం తేలిక.

మండల్ దాదా

నా షాపు యజమాని పేరు మండల్. బెంగాలీ. అందరం దాదా అనేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పద్దెనిమిది రోజులు పొద్దున్నే ఇడ్లీ పట్టుకుని వచ్చాడు. కానీ షాపులో కూర్చున్నప్పుడు ఆయనకి ఒకటే మంత్రం. "జో హై, వహీ బేచో." ఉన్నదే అమ్ము అని.

ఒకసారి తుష్నాబాద్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఊళ్ళో ఆటల పార్లరు పెడతామన్నారు. నాలుగు మెషీన్లు కావాలన్నారు. అప్పటికి కొత్త తరం ప్రాసెసర్లు వస్తున్నాయని మాకు తెలుసు. పాత తరంవి నాలుగు అలమారలో మిగిలిపోయి ఉన్నాయి. దాదా వాటిని అంటగట్టాడు. బిగించింది నేనే. ఏడాదికి కొత్త ఆటలు వాటి మీద తెరుచుకోవడం మానేశాయి. ఆ బోర్డుల్లో కొత్త ప్రాసెసర్ కూర్చోదు. పార్లరు మూతపడింది. అన్నదమ్ముల్లో పెద్దవాడు మళ్ళీ పొద్దున బస్సెక్కి పోర్ట్‌బ్లెయిర్ పనికి రావడం మొదలుపెట్టాడు. షాపు ముందునుంచే నడిచి వెళ్ళేవాడు. లోపలికి చూసేవాడు కాదు.

ఆ తర్వాత దాదాతో గొడవపడ్డాను. "కస్టమర్‌కి ఏది కావాలో నేను చెబుతాను, మీరు తెప్పించండి" అన్నాను. ఆయన నవ్వి, "ఠీక్ హై ఈశ్వర్, ఇకనుంచి నువ్వే డాక్టర్‌వి" అన్నాడు. ఆ మాట నాకు తలకెక్కింది. నా తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

డెలానీపూర్ గుమాస్తా

డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఒక గుమాస్తా గారుండేవారు. నలభై ఏళ్ళ మనిషి. ఆఫీసు నుంచి రాగానే తలుపేసుకుని కంప్యూటర్లో ఫుట్‌బాల్ ఆడేవారు. ఇది బయట తెలిస్తే నవ్వుతారని ఆయనకి భయం. షాపుకొచ్చి గొంతు తగ్గించి, అన్నిటికన్నా పెద్ద ప్రాసెసర్ కావాలన్నారు.

"ఎందుకు సర్ అంత పెద్దది?"

"పెద్దదైతే బాగా ఆడుతుంది కదా?"

నేను కూర్చోబెట్టి వివరించాను. ఆయన ఆడే ఆటకి రెండు కోర్ల చిన్న ప్రాసెసర్ సరిపోతుంది, మిగిలిన డబ్బు మంచి గ్రాఫిక్స్ కార్డుకి పెట్టుకోండి అన్నాను. అలాగే చేశాం. పదిరోజుల తర్వాత మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చారు. "గడ్డిపరకలు కూడా కనబడుతున్నాయి ఈశ్వర్" అన్నారు.

ఆయన ఎంతమందికి చెప్పారో తెలియదు. నా కోసం అడుగుతూ జనం రావడం మొదలుపెట్టారు. ప్రాసెసర్ చిన్నది, కార్డు పెద్దది. ఇదే నా సూత్రం అయిపోయింది. ఎవరొచ్చినా ఇదే చెప్పేవాణ్ణి. పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోయేది కూడా. సరిపోతున్నకొద్దీ అడగడం తగ్గించాను. కస్టమర్ నోరు తెరవగానే నా చెయ్యి అలమార వైపు పోయేది.

గౌరి

మాయాబందర్ నుంచి గౌరి అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, అక్కడ ఒక ఆఫీసులో పనిచేస్తోంది. వాళ్ళ నాన్న పేరు నూకరాజు. ముప్పై ఏళ్ళు దీవుల మధ్య తిరిగే బోట్లు నడిపిన సారంగు. బోటుకి చుక్కాని పట్టే మనిషిని ఇక్కడ సారంగు అంటాం. వాళ్ళదీ సిక్కోలు వైపే. షుగరు ఎక్కువై, కాలి వేలికి పుండు పడి, అది పైకి పాకి, మోకాలి కింద కాలు తీసేశారట.

"కాలు తీసేసినప్పట్నుంచి నాన్న ఇంట్లోంచి కదలట్లేదు భయ్యా" అంది. "జెట్టీకి తీసుకెళ్తానంటే ఒద్దంటాడు. అక్కడ అందరూ తెలిసినవాళ్ళే కదా, ఇట్లా చూస్తే ఆయనకి నామోషీ. మాట్లాడ్డం కూడా తగ్గిపోయింది. మొన్న మా ఆఫీసులో ఒకాయన ఫోన్లో షిప్ నడిపే గేమ్ వీడియో చూపించాడు. అది నాన్నకి చూపించాను. ఫోన్ గట్టిగా పట్టుకుని నాలుగుసార్లు చూశాడు. 'దీన్ని నాను తిప్పొచ్చేటి?' అన్నాడు. కాలు పోయాక ఆయన ఏదైనా అడగడం అదే ఫస్ట్ టైమ్."

ఆ ఆట పేరు చెప్పింది. నేను వినలేదెప్పుడూ. వినలేదని ఒప్పుకోలేదు. "అన్నిటికీ ఒకటే లెక్కమ్మా. నేను చూసుకుంటాను" అన్నాను. ఆమె వెళ్ళేముందు, నాన్నతో ఒకసారి మాట్లాడమని అడిగింది.

ఆదివారం పొద్దున ఆయన ఫోన్ చేశాడు. షాపులో నలుగురు నిలబడి ఉన్నారు. ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఇంకొకరి కేబుల్ వెతుకుతున్నాను.

"బాబూ, నాకు బొమ్మ సొగసుగా ఉండక్కర్లేదు" అన్నాడు. గొంతు పెద్దది, ఇంజన్ల మధ్య మాట్లాడి అలవాటైన గొంతు. "మసగ్గా ఉన్నా పర్లేదు. లేకిన్ అల ఆగకూడదు. సుక్కాని తిప్పితే పడవ ఎంటనే తిరగాల. తిప్పినాక ఆలోసించుకుని తిరిగితే అది పడవ కాదు. సమఝా?"

"అర్థమైంది సారంగు గారూ. బొమ్మ ఫస్ట్ క్లాస్‌గా వచ్చేలా చేస్తాను" అన్నాను.

ఆయన, "సరే బాబూ" అన్నాడు.

రెండు కోర్ల ప్రాసెసర్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టాను. చేత్తో తిప్పడానికి ఆటల స్టీరింగ్ ఒకటి జతచేశాను. పరుపు ముక్కల మధ్య సర్ది మాయాబందర్ బస్సెక్కించాను. ఆ ఆట ఒక్కసారి కూడా షాపులో నడిపి చూడలేదు.

ఒక ఫోను

మూడు వారాలకి గౌరి ఫోన్ చేసింది. "భయ్యా, అలలు ఆగి ఆగి వస్తున్నాయి. ఒకసారి ఆగి, తర్వాత ఒక్కసారిగా దూకుతున్నాయి."

"బొమ్మ నాణ్యత కొంచెం తగ్గించమ్మా. మీడియంలో పెట్టు" అన్నాను.

"పెట్టాను. అట్లాగే ఉంది."

"ఇంకా తగ్గించు. కొత్త మెషీన్ కదా, అలవాటవుతుంది."

కంప్యూటర్ అలవాటవడం ఏమిటి? ఆ మాట అన్నది నేనే. ఆ రోజు మెషీన్ల పెట్టెలు దిగాయి, తొందరలో ఉన్నాను. ఆమె మళ్ళీ ఫోన్ చేయలేదు. ఫోన్ రాలేదు కాబట్టి బాగుందనుకున్నాను. మీకు ఇది రాసిపెడుతున్నాను, ఈ పనిలో ఎక్కువ కాలం ఉండబోతున్నవాళ్ళకి. కస్టమర్ నోరు మూసుకున్నాడంటే సంతోషంగా ఉన్నాడని కాదు. మన దగ్గర లాభం లేదని తెలుసుకుని ఉండొచ్చు.

మాయాబందర్

నాలుగైదు నెలల తర్వాత ఒక ఆఫీసులో మెషీన్లు పెట్టడానికి మాయాబందర్ వెళ్ళాను. పని మధ్యాహ్నానికి అయిపోయింది. జెట్టీ దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. గట్టు మీద రేకుల ఇల్లు. గౌరి భోజనానికి వచ్చి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "నాన్నా, పోర్ట్‌బ్లెయిర్ భయ్యా వచ్చాడు" అని కేకేసింది.

నూకరాజు గారు తెర ముందు కూర్చుని ఉన్నారు. భారీ మనిషి. లుంగీ కింద ఒక్క పాదమే కనబడుతోంది. తెరకి చాలా దగ్గరగా కూర్చున్నారు. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి. స్పీకర్లలోంచి ఇంజను చప్పుడు వస్తోంది. తెర మీద ఒక బోటు, ఏదో దేశపు రేవులో, తాళ్ళతో కట్టేసి ఉంది.

"రా బాబూ, కూకో" అన్నారు.

"బయటికి తియ్యలేదా సారంగు గారూ?"

"తీస్తాను. తర్వాత తీస్తాను. ఇంజను సద్దు బాగుంటాది కదా, అది ఇంటా కూకుంటాను."

గౌరి నా వైపు చూసి కళ్ళు దించుకుంది. ఆయన, "అమ్మా, బాబుకి కొబ్బరిబొండం తే" అని ఆమెని బయటికి పంపారు. ఆమె గుమ్మం దాటాక గొంతు తగ్గించారు.

"అమ్మాయికి సెప్పకు. నాను ముప్పై ఏళ్ళు సుక్కాని పట్టినాను. ఎంతెంత తుపానులో లిటిల్ అండమాన్ పోయినాను, అటు నికోబారు పోయినాను. పాసింజర్లందరూ కక్కుకునేవోళ్ళు. నాను ఒక్కసారి కక్కలేదు. ఈ పెట్టె ముందు కూకుని కక్కినాను బాబూ. అల ఆగతాది, మళ్ళీ దూకతాది. కడుపులో తిప్పేస్తాది. మూడుసార్లు సూసినాను. పాప ఎన్నాళ్ళో దాసుకుని కొన్నాది. బాగోలేదని ఎలాగంటాను? రేవులో కట్టేసుంటే ఆగదు. అందుకని కట్టేసుకుని కూకుంటన్నాను."

అయిదు నెలలు ఆ మనిషి కట్టేసిన బోటులో కూర్చున్నాడు.

నేను బోటుని సముద్రంలోకి తీసి, తెర మీద పక్కన ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే కిటికీ తెరిచాను. ప్రాసెసర్ నూటికి నూరు చూపిస్తోంది. గ్రాఫిక్స్ కార్డు సగం కూడా లేదు, ఊరికే కూర్చుంది. ఫుట్‌బాల్ ఆటలో బరువంతా బొమ్మ మీద ఉంటుంది. ఇలాంటి ఆటలో బొమ్మ పెద్ద పని కాదు. ఒక్కో అల ఎంత లేవాలి, ఆ అల మీద ఇంత బరువున్న బోటు ఎంత వాలాలి, చుక్కాని ఇంత తిప్పితే ముక్కు ఎంత తిరగాలి, ఇదంతా క్షణక్షణం లెక్క వేయాలి. ఆ లెక్క వేసేది ప్రాసెసర్. నేను పెట్టిన చిన్నదానికి ఊపిరాడటం లేదు. బొమ్మ తగ్గించమని నేను ఫోన్లో చెప్పిన వైద్యం, పని లేకుండా కూర్చున్నదానికి ఇంకా పని తగ్గించడం.

"ఏటైంది బాబూ?" అన్నారాయన.

"ఇందులో ప్రాసెసర్ మార్చాలి సారంగు గారూ. నాలుగు కోర్లది, వేగం ఎక్కువున్నది, ఇదే బోర్డులో కూర్చుంటుంది. నేనే తెచ్చి పెడతాను."

ఆయన కాసేపు స్టీరింగ్ అంచు నిమురుతూ ఉండిపోయారు. "నాను సరిగ్గా సెప్పలేకపోయినానేమో. మాకు ఈ మెషీన్ల భాష రాదు కదా" అన్నారు.

అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటుంది. అనలేదు. "పర్లేదు లెండి" అన్నాను. పెద్దమనసుతో క్షమించినవాడిలా అన్నాను.

ఓడ కోసం

తిరిగొచ్చి దాదాకి చెప్పాను. ఆయన, "వాళ్ళు కంప్లెయింట్ ఇచ్చారా?" అని అడిగాడు.

"లేదు. తప్పు మనది."

"నాది కాదు, డాక్టర్‌ది" అన్నాడు. కానీ కాదనలేదు. "చెన్నైకి ఈసారి పెట్టే ఆర్డర్‌లో కలిపి తెప్పిద్దాం. ఒక్క చిప్పు కోసం వేరే పార్సెల్ ఎందుకు?"

ప్రాసెసర్ డబ్బా అరచేతిలో పడుతుంది. విమానంలో వేయిస్తే మూడునాలుగు రోజుల్లో వచ్చేది. అంత దూరం ఆలోచించలేదు అంటే అబద్ధం. ఆలోచించాను. ఇన్ని నెలలు ఆగినవాడు ఇంకొన్ని వారాలు ఆగలేడా అనుకున్నాను. దాదాని మళ్ళీ అడగడం ఇష్టంలేక ఊరుకున్నాను.

ఆర్డర్ నిండడానికి నెల పట్టింది. తర్వాత సముద్రం బాగోలేదు, ఓడ ఆలస్యమైంది. మొత్తం మీద రెండున్నర నెలలకి డబ్బా నా చేతికి వచ్చింది. ఆ రోజే గౌరికి ఫోన్ చేశాను.

"గౌరీ, వచ్చేసింది. శనివారం బస్సుకి బయల్దేరుతున్నాను."

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినబడింది.

"గౌరీ?"

"భయ్యా, నాన్నకి చూపు పోయింది" అంది. "ఎడమ కన్ను ముందే మసక. కుడికంట్లో రక్తం చిమ్మింది. ఒక్కరోజులో. పోర్ట్‌బ్లెయిర్ తీసుకొచ్చాను, చెన్నై కూడా తీసుకెళ్ళాను. షుగర్ వల్లనే అన్నారు. ఇంక రాదన్నారు. ఇరవై రోజులైంది."

పోర్ట్‌బ్లెయిర్ దాకా వచ్చి నాకు చెప్పలేదేమని అడగలేకపోయాను. నేను ఎవరిని అడగడానికి? "మరి తీసుకురానా అమ్మా?" అన్నాను.

"తీసుకురా భయ్యా. ఆయన రోజూ అడుగుతున్నాడు, వచ్చిందా అని."

నీళ్ళు ఆగలేదు

శనివారం వెళ్ళాను. ఆయన అదే కుర్చీలో కూర్చుని, ముఖం తలుపు వైపు తిప్పి, "బాబు వచ్చినాడా?" అన్నారు. నేను పెట్టె విప్పాను. పాతది తీసి, వేడిని ఫ్యానుకి అందించే పేస్టు తుడిచి, కొత్తది కూర్చోబెట్టి, ఫ్యాను బిగించాను. ఎన్నివేలసార్లు చేసిన పని.

ఆట తెరిచాను. గౌరి స్టీరింగ్ దగ్గర కూర్చుంది. ఆమె చిన్నప్పుడు నాన్న బోటులో ఎన్నోసార్లు ప్రయాణం చేసిందట కానీ చుక్కాని ఎప్పుడూ ముట్టుకోలేదట. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని, ఒక చెయ్యి ఆమె చేతి మీద పెట్టారు. తాళ్ళు విప్పించారు. నెమ్మదిగా వెనక్కి తీయించారు. రేవు గోడ దాటాక ఇంజను చప్పుడు మారింది. ఆయనకి అది నాకన్నా ముందు తెలిసింది.

"బయటికి వచ్చేసినాం" అన్నారు. "అల ఎటునుంచొస్తంది?"

"కుడిపక్క నుంచి నాన్నా."

"పక్కన తీసుకోకు, బోల్తా కొడతాది. ముక్కు తిప్పు. అలకి ఎదురు పెట్టు. మొత్తం ఎదురు కాదు, రవ్వంత ఓరగా. ఆఁ. ఎక్కుతందా?"

"ఎక్కింది."

"ఇప్పుడు దిగుతాది. ఇంజను జోరు తగ్గించు. దిగిందా?"

"దిగింది నాన్నా. నీళ్ళు పైదాకా కొట్టాయి."

ఆయన నా వైపు తిరిగారు. నేను ఎక్కడున్నానో సరిగ్గా తెలియక గోడ వైపు చూస్తూ అడిగారు. "బాబూ, ఆగట్లేదు కదా?"

"ఆగట్లేదు సారంగు గారూ."

నిజంగానే ఆగలేదు. అల వెనక అల, నల్లగా, బరువుగా, ఎక్కడా తడబడకుండా వస్తోంది. ఇంత బాగా నడిచిన మెషీన్లు నా చేతుల మీదుగా చాలా తక్కువే వెళ్ళాయి. చూడాల్సిన మనిషికి తప్ప ఆ గదిలో మిగతా ఇద్దరికీ కనబడుతోంది.

ఆయన గంటసేపు నడిపించారు. మధ్యలో ఒకసారి, "ఎలాగుంటాది బాబూ నీళ్ళు? నిజంగా ఉన్నట్టే?" అన్నారు. నేను చెప్పబోయాను. చెప్పడానికి నాకు రాలేదు. సముద్రం పక్కనే పుట్టి పెరిగాను, అలని చూసి మాటల్లో పెట్టడం ఎప్పుడూ నేర్చుకోలేదు. "అవునండీ" అన్నాను.

గౌరి నన్ను బస్సు దాకా దింపడానికి వచ్చింది. బస్సెక్కబోతుంటే, "థాంక్స్ భయ్యా" అంది. ఆమె మనసారా అన్నదే. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది.

ఆ తర్వాత

ఆ తర్వాత ఎవరొచ్చినా ముందు ఆట పేరు రాసుకునేవాణ్ణి. నాకు తెలియని ఆటైతే తెలియదని చెప్పేవాణ్ణి. దాన్ని షాపులోనే నడిపి, కస్టమర్‌నే కూర్చోబెట్టి, ప్రాసెసర్ ఎంత అలసిపోతోందో, కార్డు ఎంత అలసిపోతోందో రెండూ చూసి అప్పుడు సామాను రాసేవాణ్ణి. తుపాకులతో కాల్చుకునే ఆటలకి ఒక లెక్క, ఊళ్ళు కట్టే ఆటలకి, విమానాలు, ఓడలు నడిపే ఆటలకి ఇంకో లెక్క. తక్కువలో మంచిది అనే మాటలో తక్కువ సంగతి షాపువాడికి తెలుస్తుంది. మంచిది ఏదో కొనేవాడే చెప్పాలి. దాదా, "నీకు పని నెమ్మదించింది" అన్నాడు. నిజమే, నెమ్మదించింది. ఫోన్ వస్తే చేతిలో కేబుల్ కింద పెట్టేసేవాణ్ణి.

మాయాబందర్‌కి నెలకోసారి ఫోన్ చేసేవాణ్ణి. కంప్యూటర్ ఎలా ఉందని అడిగేవాణ్ణి. ఆదివారాలు ఇద్దరూ కూర్చుంటున్నామని గౌరి చెప్పేది. ఒకసారి ఆయనే ఫోన్ తీసుకుని, "పాపకి ఇప్పుడు కుంచెం సెయ్యి కుదిరింది బాబూ" అన్నారు. ఆ రోజైనా నేను చెప్పాల్సింది చెప్పి ఉండొచ్చు. "సంతోషమండీ" అని పెట్టేశాను.

రెండో ఏడు వానాకాలంలో గౌరి ఫోన్ చేసింది. ఆయన పోయి నాలుగు రోజులైందట. రెండో కాలికి కూడా పుండు పడిందట.

"పోయే ముందు రోజు నిన్ను తలుచుకున్నాడు భయ్యా. 'ఆ బాబుకి నాను సరిగ్గా సెప్పలేకపోయినాను, పాపం మన కోసం రెండుసార్లు ఇంత దూరం తిరిగినాడు' అన్నాడు."

ఫోన్ పట్టుకుని షాపు బయటికి వచ్చాను. రోడ్డు పక్క నిలబడ్డాను. వాన పడుతోంది.

"గౌరీ, ఆయన సరిగ్గానే చెప్పాడమ్మా" అన్నాను. "మొదటిరోజు ఫోన్లోనే చెప్పాడు. బొమ్మ మసగ్గా ఉన్నా పర్లేదు, అల ఆగకూడదన్నాడు. అంతకన్నా సరిగ్గా ఏ ఇంజనీరూ చెప్పలేడు. నేనే వినలేదు."



"తెలుసు భయ్యా" అంది. "నాన్న నీకు ఫోన్ చేసిన ఆ రోజు నేను పక్కనే ఉన్నాను."